బెల్లు తీసి కెమెరా బిగించిన సైకిలు

సైకిలుకు కెమెరా బిగించడం చూసేవాళ్ళకు చిన్న పనిలాగే కనిపిస్తుంది. నాకు మాత్రం అది చాలా ఆదివారం సాయంత్రాలు తినేసింది. కెమెరా అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. నీళ్ళలో పడినా చెడిపోదు, రాళ్ళ మీద పడినా పగలదు. కొండల మీంచి దూకేవాళ్ళు దాన్ని ఒంటికి తగిలించుకుంటారట. నేను కొండల మీంచి దూకే రకం కాదు. కృష్ణపట్నం పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర కూర్చుని పని చేసేవాణ్ణి. షుగరు వచ్చింది, డాక్టరు నడవమన్నాడు, నడవడానికి బద్ధకమై గేర్ల సైకిలు కొన్నాను. సైకిలు కొన్నాక హెల్మెట్టు, హెల్మెట్టు కొన్నాక కెమెరా. నలభై దాటిన మగవాడికి కొత్త వస్తువు దొరికితే ఇంట్లోవాళ్ళకు మనశ్శాంతి ఉండదని మా ఆవిడ అంటుంది. ఆవిడ నా మేనమామ కూతురే, కాబట్టి నా దగ్గర ఆవిడకు మొహమాటాలేమీ లేవు.

మొదట దాన్ని హెల్మెట్టు మీద పెట్టాను. నేనెటు చూస్తే అది కూడా అటే చూసేది. బాగానే ఉంది గానీ, ఆ వేషంలో నన్ను చూసి మా ఆవిడ వాకిట్లోనే నవ్వడం మొదలుపెట్టింది.

“నెత్తిన జుట్టుండే కోడిపుంజు మాదిరుండావు. ఇట్టాగే సముద్రానికి పోతే చేపలు గూడా నవ్వతాయి,” అంది.

టీకొట్టు దగ్గరా నవ్వారు. నన్ను చూసి ఎవరైనా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది, అది నా పుట్టుబుద్ధి. హెల్మెట్టు మీంచి తీసేసి ఛాతీకి బెల్టుతో కట్టుకున్నాను. నా పొట్ట దాన్ని పైకి ఎత్తిపట్టడంతో వీడియోలో ఆకాశం తప్ప ఇంకేమీ పడలేదు. చివరికి హ్యాండిలుకే బిగించేద్దామని నిశ్చయించుకున్నాను.

హ్యాండిలు నడుమ కాస్త లావుగా ఉంటుంది. కెమెరా పట్టీ గట్టిగా పట్టేది అక్కడే. కానీ అక్కడ అప్పటికే బెల్లు ఉంది. బెల్లును పక్కకు జరిపితే గేరు తీగలకు అడ్డం వచ్చింది. సరే పొమ్మని బెల్లు విప్పేశాను. పాత ట్యూబు ముక్క కోసి హ్యాండిలుకు చుట్టి, దాని మీద పట్టీ పెట్టి స్క్రూ బిగించాను. గతుకుల్లో కెమెరా ముక్కు కిందికి వాలిపోతుంటే విప్పి ఇంకో చుట్టు చుట్టాను. ఆఖరికి సైకిలెత్తి నేలకేసి కొట్టినా కదలనంత గట్టిగా కుదిరింది. బెల్లును మేకుల డబ్బాలో పడేశాను. ఈ రోజుల్లో బెల్లు విని పక్కకు తప్పుకునేదెవరులే అని కూడా అనుకున్నాను.

మా దారిలో బెల్లు ఎందుకు కావాలో నాకు తెలియక కాదు. మా పేట నుంచి సముద్రానికి పోయే రోడ్డుకు ఒక పక్క సరుగుడు తోట, ఇంకో పక్క ఉప్పునీటి కాలువ. తెల్లవారకముందు తోట పక్కనున్న గట్టు ఆడవాళ్ళది. పేట చివరి వరస ఇళ్ళ ముందు మరుగుదొడ్లయితే లేచాయి గానీ వాటికి నీళ్ళు రాలేదు. ఇప్పుడు వాటిల్లో వలలూ వంటచెరుకూ పెట్టుకుంటున్నారు. అందుకని ఆ ఇళ్ళ ఆడవాళ్ళు చీకటి ఉండగానే చెంబులు పట్టుకుని గట్టుకు పోతారు. ఆ వేళ అటు వెళ్ళే మగవాడు తోటకు ముందున్న మలుపు దగ్గరే బెల్లు కొడతాడు. గట్టు మీదివాళ్ళు లేచి నిలబడతారు. అతను ముఖం కాలువ వైపు తిప్పుకుంటాడు, తోట దాటేదాకా మళ్ళీ ఇటు తిప్పడు. చిన్నప్పుడు మా నాయన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని పోతుంటే, మలుపు రాగానే ఆయన అరచెయ్యి నా చెంప మీదికొచ్చేది. నా ముఖం కాలువ వైపు తిరిగిపోయేది. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

కెమెరా కుదిరిన మర్నాడు చీకటితోనే బయలుదేరాను. మలుపు దగ్గర నా బొటనవేలు అలవాటుగా బెల్లు కోసం తడుముకుంది. దానికి కెమెరా వీపు తగిలింది. అయ్యో అనుకుని గొంతు సవరించుకుని గట్టిగా దగ్గాను. సముద్రపు హోరులో ఆ దగ్గు నాకే సరిగా వినపడలేదు. ముఖం కాలువ వైపు తిప్పుకున్నాను. బుద్ధిమంతుణ్ణి కదా, మెడ నొప్పి పుట్టేదాకా అలాగే పెట్టుకుని తోట దాటాను. హ్యాండిలు మీది కెమెరాకు మెడ లేదు. అది ఎదురుగా చూస్తూనే వచ్చింది. దాని అద్దం ఎంత వెడల్పంటే రోడ్డుతో పాటు రెండు పక్కల గట్లూ అందులో పడతాయి.

ఆ రోజు సూర్యోదయం నిజంగానే అద్భుతంగా ఉంది. ఇంటికొచ్చి ఫోనులో నాలుగైదు సార్లు చూసుకున్నాను. సముద్రం గీత వంకర లేకుండా ఉందా, గతుకుల్లో బొమ్మ వణికిందా, ట్యూబు ముక్క ఆగిందా, ఇవే చూశాను. మొదటి భాగం మరీ మసకగా ఉందనిపించి వేలితో వెలుతురు పెంచాను. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ రోడ్డు తేటగా కనపడేదాకా పెంచాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం ఈస్టరు. ఏటా ఆ రోజు తెల్లవారుజామున మా చర్చివాళ్ళం సముద్రపు ఒడ్డున ఆరాధన చేసుకుంటాం. నా వీడియో సంగతి విని అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, సంబరపడ్డారు.

“ఈ ఆదివారం ప్రకటన చెప్పేటప్పుడు మన టీవీలో వేద్దాం. ఆ ఎర్రటి పొద్దును చూస్తే రానోళ్ళు గూడా వస్తారు,” అన్నారు.

పాటల కోసమని చర్చి గోడకు ఒక పెద్ద టీవీ తగిలించి ఉంది. మా దగ్గర మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్ళ ముందు వరసలో ఎప్పుడూ మా పిన్నమ్మ ఉంటుంది. మా నాయన తమ్ముడి భార్య. బాబాయి పోయి చాలా కాలమైంది. పేట చివరి వరసలో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూనే ఆదివారం అందరికంటే ముందు వస్తుంది. చర్చిలో పాట ఎత్తేది ఆమే. ఆమె ఎత్తితే గానీ మాకు శ్రుతి కుదరదు.

అయ్యగారు ప్రకటన చెప్పి నాకు సైగ చేశారు. ఫోనుకు టీవీ వైరు తగిలించి వీడియో పెట్టాను. పెట్టి, టీవీ వైపు కాక జనం వైపు తిరిగి నిలబడ్డాను. వాళ్ళ ముఖాల్లో నా గొప్ప చూసుకోవాలి కదా. మా వీధి కనిపించగానే అందరూ నవ్వారు. ఎవరిదో కుక్క అడ్డం వస్తే పేరు పెట్టి పిలిచారు. తర్వాత నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది.

తిరిగి చూశాను. తోట వచ్చింది. నేను పెంచిన వెలుతురులో గట్టంతా పట్టపగలులాగా ఉంది. గట్టు మీంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే గబగబా లేస్తున్నారు. చీరలు దించుకుంటున్నారు, చెంబులు చాటు చేసుకుంటున్నారు, తోట వైపు తిరిగి నిలబడుతున్నారు. మా పేటలో వీపు చూస్తే చాలు, చీర చూస్తే చాలు, మనిషెవరో తెలిసిపోతుంది. ఒకామె మాత్రం లేవలేకపోయింది. బెల్లు వినపడి ఉంటే ముందే లేచేదే. ఒక చెయ్యి నేలకు ఆనించి, సగం లేచి, ఈ వచ్చేదెవరా అని తలెత్తి నేరుగా కెమెరాలోకి చూసింది. మా పిన్నమ్మ.

కుడివైపునున్న మగవాళ్ళ తలలన్నీ ఒక్కసారి కిటికీల వైపు తిరిగాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ముసలివాళ్ళూ, పెళ్ళికాని కుర్రాళ్ళూ, పీఠం మీదున్న అయ్యగారూ, అందరూ. మొత్తం చర్చిలో టీవీ వైపు చూస్తూ నిలబడ్డ మగవాణ్ణి నేనొక్కణ్ణే. ఫోనులో ఎక్కడ నొక్కితే ఆగుతుందో నా వేళ్ళకు అందడం లేదు. అయ్యగారి భార్య, మేం అమ్మగారు అంటాం, లేచి గబగబా వెళ్ళి టీవీకి అడ్డం నిలబడి పైటకొంగు రెండు చేతులా చాపి పట్టుకున్నారు. ఆ కొంగులోంచి కూడా బొమ్మ కదులుతూ కనపడుతూనే ఉంది. అప్పటికి బుద్ధి వచ్చి వైరు పీకేశాను.

తర్వాత పాట పాడాలి. ఎవరూ ఎత్తలేదు. పిన్నమ్మ ముసుగు కళ్ళదాకా లాక్కుని చాప వంక చూస్తూ కూర్చుంది. అయ్యగారే ఎత్తారు, అందనంత పైన ఎత్తారు. ఆశీర్వాదం చెప్పకముందే పిన్నమ్మ గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. నేను తలెత్తలేదు. భూమి చీలి అందులో పడిపోతే బాగుండునని మనుషులు ఎందుకంటారో నాకు ఆ పూట తెలిసింది.

సిగ్గుపడ్డవాడు గమ్మున ఉండాలి కదా, నేనుండలేదు. కనపడ్డ ప్రతివాడికీ నేను చూడలేదని చెప్పుకుంటూ తిరిగాను. ముఖం కాలువ వైపే తిప్పుకున్నానని ఒట్లు పెట్టాను. టీకొట్టు దగ్గర ఒకాయన “పోనీలే అన్నా, తెలవక జరిగింది” అంటే, ఏం తెలవక, తెలిసే మర్యాదగా పోయానని ఆయన మీద ఎగిరిపడ్డాను. ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గరా అదే పాట.

“నేను చూళ్ళేదు, నేను చూళ్ళేదని ఊరంతా చెప్తా తిరగతుండావు. చూసినావా అని నిన్ను అడిగిందెవరు?” అంది ఆవిడ. ఈసారి నవ్వలేదు.

ఆవిడ చెబితేనే తెలిసింది, చివరి వరస ఆడవాళ్ళు ఆ గట్టుకు పోవడం మానేశారట. రొయ్యల గుంటలు దాటి, కంపచెట్ల లోపలికి పోతున్నారట. అక్కడ గుంటల కాపలా కుక్కలు వెంటపడతాయి. పాములు తిరుగుతాయి. పిన్నమ్మ పక్కింటామె భుజం పట్టుకుని అంతదూరం నడుస్తోందట. ఈస్టరు నాడు ఒడ్డున అందరం పొద్దు కోసం నిలబడ్డాం. ఆమె రాలేదు. చివరి వరస వాళ్ళెవరూ రాలేదు. పొద్దు ఎలా వచ్చిందో నేను చూడలేదు.

ఇక ఆగలేక ఒక సాయంత్రం పిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. సైకిలు మీద పోవడానికి ముఖం చెల్లక నడిచే వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని చాటలో ఎండుచేపలు ఏరుకుంటోంది. నన్ను చూసి కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు.

“పిన్నమ్మా, నేను చూళ్ళేదు. మొగం కాలవ పక్కకే తిప్పుకోని పోయినా,” అన్నాను.

“తెలుసు నాయనా. నువ్వు ఎవరి కొడుకువో నాకు తెలవదా,” అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె చాటలోంచి తలెత్తలేదు.

“రోడ్డు మీద చూళ్ళేదు, సరే. అందరి ముందర ఏసే ముందు ఇంట్లో ఏసి చూసుకున్నావా?”

“చూసుకున్నా.”

“ఎన్ని తూర్లు?”

“నాలుగైదు తూర్లు.”

“మేం కనపళ్ళేదా?”

కనపడ్డారంటే ఒక సిగ్గు, కనపడలేదంటే ఇంకో సిగ్గు. నిజం రెండోదే, నాకు రెండోదే ఎక్కువ సిగ్గుగా ఉంది. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి ఆ బొమ్మలో చెయ్యి నేలకానించి లేవలేక అవస్థ పడుతుంటే, నేను ట్యూబు ముక్క జారిందా లేదా అని చూసుకున్నాను. మనుషులు మసకగా ఉన్నారని కాదు, రోడ్డు మసకగా ఉందని వెలుతురు పెంచాను.

“కనపళ్ళేదు పిన్నమ్మా,” అన్నాను.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. ఆమె ఒక చేప తల తుంచి పక్కన పడేసింది. నేనే మళ్ళీ అందుకున్నాను.

“వీడియో తీసేసినా. ఫోన్లో గూడా లేదిప్పుడు. కెమెరా గూడా విప్పేసినా.”

“ఉంటే ఏంది, లేకపోతే ఏంది. మా అత్త కాలం నించి పోతుండాం నాయనా ఆ గట్టుకి. మొగోళ్ళు వస్తే మొగం తిప్పుకుంటార్లే అని ఒక ధైర్యం. ఇప్పుడు ఎవురు సైకిలు మీద వచ్చినా, వాడు మొగం తిప్పుకున్నా గూడా, దానికేం తగిలించుకోనుండాడో అని భయంగా ఉంటాది. ఆ కంపల్లోకి నేను నడవలేకపోతుండా. ఇంక యాడికి పోవాల్నో నువ్వే చెప్పు,” అంది.

అడిగింది నిజంగానే అడిగింది, దెప్పడానికి కాదు. చాట పక్కన పెట్టి నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగింది.

మా ఇంట్లో రెండు బాత్రూములున్నాయి. ట్యాంకు నిండా నీళ్ళుంటాయి. ఆమె గుమ్మం దగ్గర నిలబడితే మా మేడ కనిపిస్తుంది. మా ఇంటికి రా పిన్నమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా రాని మాట ఇప్పుడెందుకు వచ్చింది నాయనా అని ఆమె అడుగుతుందేమోనని భయపడ్డాను. ఆ మాట మింగేసి, గుమ్మం ముందే కూలబడి, ఆమె పక్కన పెట్టిన చాట లాక్కుని చేపలు ఏరడం మొదలుపెట్టాను.