ఇయ్యాల ఇంట్ల ఏం కూర?

మా చిన్నప్పుడు... బాక్సింగ్ పోటీలో రౌండుకీ రౌండుకీ మధ్య నేను రొప్పుతూ వచ్చి మూల స్టూలు మీద కూలబడితే, మా సాదిక్ సారు ముందుగా అడిగేది ఒకటే. "ఇయ్యాల ఇంట్ల ఏం కూర?"

చుట్టూ జనం అరుస్తుంటారు... ముక్కు మండుతుంటుంది... ఈయనకేమో కూర కావాలి! "వంకాయ సార్" అని విసుక్కుంటూ చెప్పేదాన్ని. అది చెప్పాకే నీళ్ల సీసా నా చేతికొచ్చేది.

అవతలి మూలలో కోచ్‌లు "కొట్టు, ముక్కు మీద గుద్దు" అని చెవులు చిల్లులు పడేలా అరిచేవాళ్లు. నాకు వాళ్లే అసలు సిసలు కోచ్‌లనిపించేది.

గోదావరిఖనిలో మా వెనక లైను క్వార్టరే సారుది. మా బాపుదీ, ఆయనదీ ఒకే గనిలో పని. ఫస్టు షిఫ్టు అయిపోయాక స్నానం చేసి, కళ్ల అంచుల్లో ఇంకా బొగ్గు నలుపు ఉండగానే గ్రౌండుకి వచ్చేవాడు. చెట్టుకొమ్మకి ఇసుక, పాత గుడ్డలు కూరిన గోనెసంచి వేలాడేది. మేం దాన్ని గుద్దుతుంటే ఒక్కోరోజు ఆయన గోడకి ఆనుకుని కునుకు తీసేవాడు, పాపం.

పొగడటం తెలియని మనిషి. బాగా కొడితే "ఊఁ" అనేవాడు. ఎదుటివాళ్ల దెబ్బ తప్పించుకుంటే మాత్రం ఇంకాస్త గట్టిగా "ఊఁ"... ఆ రెండో "ఊఁ" కోసం లారీల దుమ్ములో చచ్చేలా పరుగెత్తేవాళ్లం.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మంచిర్యాలలో సెలక్షన్లు జరిగాయి. గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. చదువు, తిండి, ఆట... ముందుముందు ఉద్యోగం కూడా వస్తుందని ఇంట్లో అందరి ఆశ. ఆరోజు అమ్మ తెల్లవారకముందే లేచి బొగ్గుపొయ్యి మీద కోడికూర వండింది. పండగ లేదు, పబ్బం లేదు... నా కోసమే. ఒక గిన్నె నా చేతికిచ్చి సారు ఇంటికి కూడా పంపింది. బాపు డ్యూటీకి నాగా పెట్టి మరీ మాతో వచ్చాడు.

మూడు రౌండ్లలో మొదటి రెండూ నావే. రెండో రౌండు చివర్లో మాత్రం ఒక గుద్దు చెవి పక్కన తగిలింది. పడలేదు. నా కాళ్ల మీద నేనే నడిచి వచ్చి మూలలో కూర్చున్నాను.

"ఇంట్ల ఏం కూర, బిడ్డా?"

ఆలోచించాను... అమ్మ కనిపిస్తోంది. పొయ్యి కనిపిస్తోంది. పొయ్యి మీద కూర గంజు కూడా కనిపిస్తోంది. అందులో ఏముందో గుర్తుకు రావడం లేదు. "పప్పు" అన్నాను.

సారు నా కళ్లలోకి చూశాడు. మళ్లీ అడగలేదు. భుజం మీది తువ్వాల తీసి రింగులోకి విసిరేశాడు.

అంటే ఓటమి ఒప్పుకున్నట్టే. "నేను గెలుస్తున్న సార్!" అని గొంతు చించుకుని అరిచాను. రిఫరీ అవతలి పిల్ల చెయ్యి పైకెత్తాడు. సీటు ఆ పిల్లకి పోయింది.

బాపు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. సారు కాలరు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"ఏంది భాయ్ గిది? గెల్సే పిల్లనెందుకు ఆపినవ్? నీ బిడ్డయితే గిట్లనే జేస్తువా?"

సారు గొంతు పెంచలేదు. "కట్టెతోని రూఫ్ కొట్టి సూస్తవు గదా. బోలు సప్పుడొస్తే ఏం జేస్తవ్?"

గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పుని కర్రతో తట్టి చూస్తారు. గట్టి చప్పుడైతే పని సాగుతుంది. బోలుగా మోగిందా... ఎదురుగా ఎంత బొగ్గున్నా సరే, మనుషులు బయటికి రావాల్సిందే.

"అందర్ని బయటికి తీస్కొస్త" అన్నాడు బాపు, నేలచూపులు చూస్తూ.

"నేను జేసింది గదే."

మర్నాడు దవాఖానలో చూపిస్తే తలకి ఏమీ కాలేదన్నారు. ఇంకేం... "ఉత్తపుణ్యానికి పిల్ల బతుకు ఖరాబ్ జేసిండు" అని లైను లైనంతా సారుని ఆడిపోసుకుంది. కూలని కప్పుని చూపించి, ఇది కూలేదే అంటే ఎవరు నమ్ముతారు?

బాపు మాత్రం ఆ వారమే నన్ను మళ్లీ గ్రౌండుకి పంపాడు. "పో బిడ్డా, సార్ ఎదురుసూస్తడు" అన్నాడు. హాస్టల్ సీటు మళ్లీ రాలేదు. అబద్ధం ఎందుకు... ఆ సీటు వచ్చి ఉంటేనా అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను.

సారు పోయి చాలా ఏళ్లయింది. ఆ గ్రౌండులో ఇప్పుడు నేను నేర్పుతున్నాను. పగలంతా బడిలో పాఠాలు, సాయంత్రం ఈ పిల్లలు... అలసిపోయాను. ఒంటికంటే మనసు ఎక్కువ అలసింది. అరవని కోచ్‌ని చూస్తే ఈ కాలం తల్లిదండ్రులకు నమ్మకం కుదరదు.

మూలలో నేనూ అదే అడుగుతాను. "ఇయ్యాల ఇంట్ల ఏం కూర?"

"తెల్వది మేడం..."

దాదాపు అందరిదీ అదే జవాబు. అమ్మానాన్నలిద్దరూ డ్యూటీలకు పోతారు, కూర కర్రీ పాయింటు నుంచి వస్తుంది. పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తొంగిచూసి బడికి వెళ్లే రోజులు కావు కదా. ఆ "తెల్వది" తలకి తగిలిన దెబ్బ వల్లనో, రోజులు మారినందువల్లనో తేల్చుకోలేక ఆ చిన్న కళ్లలో వెతుక్కుంటుంటాను.

మొన్న అలాగే తేల్చుకోలేక ఒక పిల్లని ఆపేశాను. వాళ్ల నాన్న ఫోన్‌లో వీడియో తీస్తూనే "నా బిడ్డ గెలుస్తుంటే ఓర్వలేకపోతున్నరా మేడం?" అన్నాడు. తెల్లారి నుంచి ఆ పిల్ల వేరే కోచ్ దగ్గరికి పోతోంది. బాగానే ఉందట. ఏమీ కాలేదట.

ఏమీ కాకూడదనే కదా సారూ, మనం ఆపింది...

మిమ్మల్ని గెలిపించినవాళ్ల గురించి ఎప్పుడూ చెబుతూనే ఉంటారు. మీరు ఏడ్చినా, తిట్టినా మిమ్మల్ని ఆపినవాళ్లు ఎవరైనా ఉంటే... ఈ ఒక్కసారి వాళ్ల గురించి కింద రాయండి.

అట్లాగే ఇవాళ మీ ఇంట్లో ఏం కూరో కూడా.