నల్లపెట్ట మింగిన లాంతరు

మొన్న శనివారం మా ఇంట్లో ఓ కోడి చావు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. కారణం పెసరగింజంత లాంతరు. ఆ లాంతరు కన్నా చిన్నది నా బుర్ర. టీ తాగుతూ వినండి. మధ్యలో నవ్వితే మాత్రం చెప్పడం ఆపేస్తాను.

రాజాంలో నా బ్యూటీ పార్లర్ సంగతి మీకు తెలుసు కదా, మా ఇంటి ముందుగదే షాపు. గోళ్ల మీద పూలూ నెమళ్లూ వేస్తానని కాస్త పేరుంది. అదే నా కొంప ముంచింది. మా మేనత్త కొడుకు శ్రీను బావ విజయనగరంలో లెక్చరర్. ఆదివారం వస్తే ఫ్రెండ్స్‌తో కలిసి టేబుల్ మీద సూపర్ హీరో బొమ్మలు నిలబెట్టి, పాచికలేసి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ యుద్ధాలు చేస్తుంటాడు. బొమ్మలేమో బొటనవేలంత. ఆడేవాళ్ళందరికీ బట్టతలలు మొదలయ్యాయి.

పోయిన వారం ఒక డబ్బా పట్టుకొచ్చాడు. అందులో దూదిలో చుట్టిన ఆడమనిషి బొమ్మ. రెక్కలున్నాయి. ఒక చెయ్యి పైకెత్తి ఉంది. ఆ చేతిలో పెట్టాల్సిన లాంతరు విడిగా కవర్లో ఉంది.

"అమ్మీ, గోరు మీద నెమలి కన్నేసినదానివి, నీకిదొక పనా," అన్నాడు. "శనారం సాయంత్రానికి కావాల. ఆదోరం మాకు పోటీ ఉన్నాది. రంగెయ్యని బొమ్మనీ, పార్టులు లేని బొమ్మనీ ఆడనివ్వరు."

"పాడైతే ఏటవుతాది బావా?"

బావ నవ్వలేదు. "ఇది నాది కాదే, మా ఫ్రెండుది. ఇలాంటివి తయారు సెయ్యడం మానీసినారు, మళ్ళీ దొరకదు. నీ సెయ్యి మీద నమ్మకంతో ఆడికి మాటిచ్చి తెచ్చినాను."

నా చెయ్యి మీద నమ్మకం అన్నాక నేనెందుకు కాదంటాను? ఒప్పేసుకున్నాను.

నాలుగు రోజులు బాగానే నడిచింది. రెక్కలకి నీలం, జుట్టుకి నలుపు, పెదాలకి ఎరుపు. కళ్ళు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టాను. లాంతరే వేళ్ళకి దొరక్కుండా ఏడిపించింది. శనివారం పొద్దున్న ఒక బ్రష్ తోకకి జిగురుచుక్క పెట్టి, దాని మీద లాంతరుని నిలబెట్టి, ఇంకో బ్రష్‌తో బంగారు రంగు పూశాను.

ఇక మిగిలింది బేస్. అంటే బొమ్మ కాళ్ళ కింద ఉండే రూపాయి బిళ్ళంత ప్లాస్టిక్ చక్రం. కూలిపోయిన బిల్డింగు రాళ్ళ మీద నిలబడ్డట్టు ఉండాలని బావ ఆర్డర్. జిగురు రాసి సన్నటి ఇసక చల్లి, ఆరాక బూడిద రంగు వెయ్యమన్నాడు. ఇసకెక్కడుంది? వారం నుంచీ వాన. వీధిలో ఉన్న గుట్ట ముద్దయిపోయింది. వంటింట్లోకి వెళ్తే మా అత్తగారి చేట కనిపించింది. చేట నిండా నూకలు, ఆవిడ తన కోళ్ళ కోసం చెరిగిపెట్టుకున్నవి. విరిగిన నూక అచ్చం విరిగిన రాయిలా ఉంది కదా అనిపించింది. బేస్‌కి జిగురు రాసి ఇన్ని చల్లాను. ఎంత బాగా కుదిరిందో. ఎండ కూడా ఆ రోజే కాచింది. పెరటి గోడ మీద బొమ్మని ఆరబెట్టాను. ఇంతలో ఐబ్రోస్‌కి ఎవరో వస్తే ముందుగదిలోకి పరిగెత్తాను.

ఆవిడ వెళ్ళాక ఇంకొకరు గోళ్ళకి. కొప్పులోంచి ఒక బ్రష్ తీస్తూ, ఇంకోటి దోపుతూ, మాటల్లో పడి పన్నెండైపోయింది.

పెరట్లోకి వెళ్ళేసరికి గోడ మీద మా అత్త నల్లపెట్ట నిలబడి ఉంది. బొమ్మ కింద మట్టిలో బోర్లా పడి ఉంది. బేస్ మీద రెండో మూడో నూకలు తప్ప అంతా నున్నగా ఊడ్చేసినట్టుంది. కోడి ముక్కుకి తెల్లగా జిగురు. బొమ్మని తీసి తుడిచాను. రెక్కలున్నాయి, కళ్ళున్నాయి. పైకెత్తిన చేతిలో లాంతరు లేదు.

గోడ కింద మట్టంతా జల్లెడ పట్టాను. ఎక్కడా లేదు. నూకలతో పాటు అదీ లోపలికే పోయింది.

"అత్తా, నీ కోడి నా లాంతరు మింగీసింది."

అత్త బొమ్మని చూసింది, చేటని చూసింది. "నూకలెడితే కోడి తినదేటి? దాని తిండి మీద నీ బొమ్మనెక్కించి, దాన్నంటావేటి?"

"బావొస్తాడత్తా. అది పరాయి వాళ్ళ బొమ్మ. కోసి కడుపులో సూస్తే గానీ..."

నా మాట పూర్తవలేదు. అత్త నల్లపెట్టని పట్టి గంప కింద పెట్టి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. "గుడ్లు పెడతన్న కోడి. ముందు నన్ను కొయ్యి." భోజనానికి కూడా లేవలేదు.

రెండైంది. మూడైంది. బావ ఫోన్. "బస్సెక్కీసినాను. అయిపోనాదా?"

"అయిపోనాది," అన్నాను. ఏది అయిపోయిందో చెప్పకుండా ఫోన్ పెట్టేశాను.

నాలుగున్నరకి వచ్చాడు. జరిగిందంతా చెప్పాను. తిట్టినా బాగుండేది. అరుగు మీద కూర్చుని బొమ్మని అటూ ఇటూ తిప్పాడు. "కళ్ళు భలే ఏసినావే," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు ఆడికేటని సెప్పాల?" నాకు ఏడుపొచ్చేసింది.

బావ మొహం చూసి మా అత్తే కరిగిపోయింది. గంప ఎత్తి, నల్లపెట్టని చంకలో పెట్టుకుని, వీపు నిమురుతూ వచ్చింది. "ఇంకో పెట్టని పెంచుకుంటాను బాబూ. నీ మాట పోకూడదు. కొయ్యే గౌరీ, నువ్వే కొయ్యి. నాను సూడనేను." కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

కత్తిపీట తెచ్చి కింద పెట్టాను. కోడి నన్ను ఒక కంటితో చూసింది. దాని కాళ్ళు పట్టుకోవడానికి వంగాను.

"ఆగే," అన్నాడు బావ. "నీ కొప్పులో అదేటి?"

"బ్రష్ బావా. ఎప్పుడూ ఉండేదే."

"బ్రష్ సివర్న?"

చెయ్యి వెనక్కి పెట్టి లాగాను. బ్రష్ తోక మీద, బంగారు రంగులో, నిటారుగా నిలబడి ఉంది లాంతరు. నేను మట్టి జల్లెడ పడుతున్నంతసేపూ, కోడిని తిడుతున్నంతసేపూ నా నెత్తి మీదే ఉంది. బొమ్మ చేతికి అంటించాననుకున్నాను. అసలు బ్రష్ మీంచి తియ్యనే లేదు.

అత్త కొంగు దించింది. "ఓలమ్మ, అదా? పొద్దున్నుంచీ సూస్తన్నాను. కొత్త పిన్ను కొనుక్కున్నావనుకున్నాను." కోడిని మళ్ళీ గుండెకి హత్తుకుని, నున్నటి బేస్ వంక ఓసారి చూసింది. "నా పెట్టకి భూమ్మీద నూకలింకా ఉన్నాయి. నీ బొమ్మకే సెల్లిపోనాయి."

తడి ఇసక తెచ్చి పెనం మీద వేయించి, బావా నేనూ బేస్ మళ్ళీ చేశాం. మర్నాడు ఆ బొమ్మ పోటీలో నిలబడింది. గెలిచిందో లేదో అడిగే మొహం నాకు లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏది కనపడకపోయినా అత్త వెతకదు. "ముందు దాని కొప్పు సూడండి," అంటుంది. నిన్న స్కూటీ తాళం పోతే మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండింది. ప్రతిసారీ నా మీదేనా అని, లేదని చూపిద్దామని అందరి ముందూ కొప్పు విప్పాను. తాళం కింద పడింది.