లన్యేరో ముట్టని సంకటి

కిట్గుమ్ పట్నం దారిలోని మా పల్లెల్లో నువ్వుల ముద్ద నూరడమంటే లన్యేరోదే పేరు. పక్కింటి లమ్వాకా, ఆవిడా ఒకే రాతి దగ్గర కూర్చుని నూరేవాళ్లు. సర్కారుకీ అడవిదళానికీ యుద్ధమప్పుడు శిబిరంలో ఏళ్ల తరబడి పక్కపక్క గుడిసెల్లో బతికినవాళ్లు. ఊరికి తిరిగొచ్చాక కూడా ఒకరింట వండితే ఇద్దరూ తినేవాళ్లు. లమ్వాకా మొగుడు ఒక్విర్‌ని అడవిదళం మూటలు మోయడానికి పట్టుకెళ్లింది. మళ్లీ రాలేదు. "బతికుంటే మనిషి రావాలి, లేకపోతే ఎముకలైనా ఇంటికి రావాలి. లేదంటే ఆయనకు నిద్రుండదు, నాకూ ఉండదు" అనేది లమ్వాకా.

లన్యేరో కొడుకు ఒజారాని పదకొండో ఏటే ఆ దళంవాళ్లే ఎత్తుకుపోయారు. వాడు మాత్రం ఇరవై దాటాక తిరిగొచ్చాడు. అలా వచ్చినవాళ్ల చేత వాకిట్లో గుడ్డు తొక్కించి లోపలికి తీసుకుంటాం. ఆ గుడ్డు తన కోడిదే కావాలని లమ్వాకా పట్టుబట్టి మరీ తెచ్చింది.

"తొక్కు నాయనా! అడవి మైల అడవికే పోనీ" అని మురిసిపోయింది పిచ్చిది.

నాలుగో రోజు వేరుశెనగ వొలుస్తూ ఒజారా తల వంచుకున్నాడు.

"అమ్మా, ఒక్విర్ బాబాయి నడవలేక పడిపోయాడు. కొట్టమని కర్ర నా చేతికే ఇచ్చారు. ఆ తర్వాత ఆయన్ని..."

లన్యేరో గబుక్కున వాడి నోరు నొక్కేసింది. "ఇంకొక్క మాటన్నావంటే నా మీద ఒట్టే! ఎవరికీ చెప్పకు. నాకూ చెప్పకు."

ఏం భయమో! చంపినవాడు తనంతట తానే ఒప్పుకుంటే మా పెద్దలు ఉరి తీయరే! రెండు వంశాలనూ కూర్చోబెట్టి, చేదువేరు రసం ఒకే సొరబుర్రలో తాగించి రాజీ చేస్తారు. అప్పటిదాకా ఆ ఇంటివాళ్లు ఈ ఇంట మెతుకు ముట్టకూడదు. ముట్టుకుంటే రెండిళ్ల పిల్లలకూ కీడు. లన్యేరో అంతా దాచింది గానీ ఈ ఒక్క కట్టుబాటూ దాటలేకపోయింది. లమ్వాకా పిల్లలంటే ఆవిడకు ప్రాణం మరి. మర్నాడు లమ్వాకా జొన్న సంకటి పెడితే కడుపునొప్పి అంది. తర్వాత పన్నునొప్పి అంది.

"ఏమేవ్, కొడుకొచ్చాక మా సంకటి గొంతు దిగట్లేదా?" అని దెప్పింది లమ్వాకా. కొన్నాళ్లకు పిలవడం మానేసింది. నూరుకోవడానికి వేరే రాయి తెచ్చుకుంది.

"చెప్పేస్తానే అమ్మా" అని ఒజారా ఎన్నిసార్లో బతిమాలాడు. కోతలయ్యాక చూద్దామంది తల్లి. కోతలయ్యాయి, మళ్లీ విత్తారు, మళ్లీ కోశారు. మూడేళ్లు గడిచాయి. నువ్వుచేలో పాము కరిచి ఒజారా పోయాడు.

పాతిపెట్టిన వారానికి లన్యేరో వెళ్లి లమ్వాకా వాకిట్లో కూలబడింది. ఏడుస్తూ జరిగింది చెప్పేసింది. లమ్వాకా నువ్వులు చెరగడం ఆపలేదు.

"ఎవరు చంపారో నాకెప్పుడో తెలుసే. నా సంకటి తోసేసినప్పుడే తెలిసింది. కడుపునొప్పని మూడేళ్లు తినడం మానేసినదాన్ని ఎక్కడైనా చూశావా?"

"తెలిసీ అడగలేదేమే?"

"నేనడిగితే అది తగాదా అవుతుంది. మీరొచ్చి చెబితేనే కదా పెద్దలు కూర్చునేది! ఇవాళొస్తావు, రేపొస్తావని చూశా. వాడి మీద నాకు కోపం లేదే. పసివాడు, వాడేం చేస్తాడు?" అని చేట కింద పెట్టింది. "ఆయన్ని ఎక్కడ పూడ్చారో అదొక్కటి చెప్పు. రేపే పలుగు పట్టుకుని పోతాను. నీకు చెప్పే ఉంటాడుగా?"



"చెప్పబోయాడే లమ్వాకా. నేనే చెప్పనివ్వలేదు."