చేతిలో స్టీరింగు ఉంటేనే

స్కూలు వ్యాను నడిపే అతన్ని స్టాండులో అందరూ 'బ్రేకు' అంటారు. కాకి అడ్డమొచ్చినా బండి ఆపుతాడు మరి. వచ్చే నెల నుంచి స్కూలువాళ్లు ఆ వ్యాను ఎత్తేస్తున్నారు. ఓ హోటల్లో కారు డ్రైవరు ఉద్యోగం ఉంది కానీ, ఇంగ్లీషులో మాట్లాడి చూపించాలి. యాభై దగ్గరపడ్డవాడికి అది పోతే ఇంకో బండి దొరకడం కష్టం.

హోటలువాళ్లు ఇచ్చిన కాగితంలో మొదటి మాట 'పికప్'. అదే స్కూల్లో టీచరైన మరదలు రోజూ వ్యాను ముందుసీట్లో వస్తుంది. ఆ కాగితం లాక్కుంది.

"బావా, పికప్ అంటే?"

"బండి లాగడం. మన వ్యానుకి లేనిది."

"నీ తలకాయ! ఇంకా నాలుగున్నాయి."

పుస్తకం తెరిస్తే అతనికి నిద్రొస్తుంది. అందుకని ఆమె ఒక్కో అర్థాన్నీ దారిలో ఒక్కో చోట దింపింది. మొదటి మలుపులో కిందపడ్డది తీయడం. సిగ్నల్ దగ్గర ఫోన్ ఎత్తడం. బస్టాండు ముందు మనిషిని ఎక్కించుకోవడం. వంతెన మీద వేగం అందుకోవడం. స్కూలు గేటు దగ్గర, వింటూ వింటూ ఓ భాష పట్టేయడం. చోటుకో ఇంగ్లీషు వాక్యం. నెలాఖరుకల్లా మలుపు వస్తే చాలు, వాక్యం నోట్లోకి వచ్చేది.

హోటల్లో మేనేజరు ఎదుట కుర్చీ వేశారు. "పికప్‌ని ఎన్ని రకాలుగా వాడతారో ఇంగ్లీషులో చెప్పండి."

చేతులు ఒళ్లో ఊరికే పడున్నాయి. అతను వాటినే చూసుకుంటున్నాడు.

"రాదా?"

"వచ్చు సార్. చేతులు ఖాళీగా ఉంటే రాదు. కాస్త నడపనిస్తారా?"

"ఏమిటి, కుర్చీనా?"

"అవును సార్."

మేనేజరు పెన్ను కింద పెట్టి, కానివ్వమన్నాడు.

అతను గాల్లో స్టీరింగు పట్టుకుని, గేరు వేసి బయల్దేరాడు. మొదటి మలుపు వచ్చింది. వాక్యమూ వచ్చింది. ఆ తర్వాత ఠక్కున ఆగిపోయాడు.

"మళ్లీ మర్చిపోయారా?"

"ఎర్ర లైటు సార్."

లైటు మారాక ఫోన్ ఎత్తాడు, బస్టాండు ముందు మనిషిని ఎక్కించాడు, వంతెన దాటాడు. స్కూలు గేటు ముందు బండాపి ఆఖరి వాక్యం తడబడకుండా అప్పజెప్పాడు.

"ఇక నన్ను దింపేయండి," అన్నాడు మేనేజరు నవ్వాపుకుంటూ. "ఒకటో తారీఖున పనిలోకి రండి."

బయట మరదలు గోళ్లు కొరుక్కుంటోంది. "ఏమైంది బావా?"

"వచ్చేసింది. సిగ్నల్ దగ్గరే కాస్త ఆలస్యమైంది," అన్నాడతను. కుడికాలి పిక్క పట్టేసింది. ఆ కుర్చీలో దారంతా బ్రేకు తొక్కిపట్టే ఉంచాడు.