నీళ్ల ట్యాంకు మీది ఇనుము

కొండమీది క్వారీ కాలనీకి నర్సు ఆమె ఒక్కతే. పైకి పోయేది దారి అన్న నిర్వచనంలోకి రాదు కనుక బండి మంజూరు చేయలేమని కార్యాలయం తేల్చింది. కాన్పులు మాత్రం ఆ నిర్వచనం కోసం ఆగలేదు. నాలుగు చక్రాలూ లాగే బండి అయితే తప్ప వానల్లో ఆ ఎత్తు ఎక్కదు. అందుకే అక్క మొగుడి పాత ఎస్‌యూవీని తానే కొనుక్కుంది.

అమ్మేటప్పుడు బావ అన్నది ఒక్కటే: "చెవి పెట్టి విను మరదలా. ఎక్కడన్నా చప్పుడుందా?"

లేదు.

పైన ఒక కూలీ భార్యకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నొప్పులు మొదలయ్యేలోగా ఆస్పత్రికి దించాలి. వాన పట్టగానే నర్సు బయలుదేరింది. మొదటి మలుపులోనే బండి దిగబడింది. మీట వేసింది, నాలుగు చక్రాల దీపం వెలిగింది. వెనక చక్రాలు బురద చిమ్మాయి. ముందువి చూస్తూ ఊరుకున్నాయి.

ఎలాగో వెనక్కి దిగి షెడ్డుకు చేరితే, మెకానిక్ బండి కిందికి దూరాడు.

"ఏం పోయింది?"

"పోవడానికి ఉండాలి కదమ్మా. ముందు చక్రాల్ని తిప్పే షాఫ్టే లేదు. ఎవరో విప్పేశారు."

"మరి ఆ దీపం?"

"దానికేం, మీట వేస్తే వెలుగుద్ది. ఆ షాఫ్టంటే మణికట్టంత లావు గొట్టం, రెండు కొసలా కీళ్లు. చూశారా ఎక్కడన్నా?"

చూసింది. అక్క పెరట్లో నీళ్ల ట్యాంకు మూత గాలికి లేవకుండా పెట్టిన బరువు అదే. దాని మీద తన తడి తువ్వాలు కూడా ఆరేసింది.

బావ పెరట్లోనే దొరికాడు.

"కీలు అరిగి ఒకటే గోల. విప్పేశా. పోయిందా లేదా గోల?"

"చెప్పలేదేం బావా?"

"అడిగితే చెప్పనా? దాచానా ఏమన్నా, నీ కళ్లెదుటే పెట్టాగా!"

చట్టం దీన్ని మోసం అంటుంది. ఆ పెరట్లో దీని పేరు చుట్టరికం.

అక్క షాఫ్టు ఎత్తి చెల్లెలి చేతిలో పెట్టింది. గాలికి మూత లేచింది.

"ఇప్పుడు దీని మీద ఏం పెట్టనే?" అన్నాడు బావ.

"మీరెక్కి కూర్చోండి," అంది అక్క.

కొత్త కీలు తెప్పించే వ్యవధి లేదు. మెకానిక్ పాతదానితోనే బిగించి, మెల్లగా పోతే ఆగుతుందనీ, గోల మాత్రం తప్పదనీ చెప్పాడు. బండి డబడబ కొట్టుకుంటూ కొండ ఎక్కింది, అలాగే దిగింది.

ఆస్పత్రి గేటు కనబడ్డాక, వెనక సీట్లో అప్పుడే నొప్పులు మొదలైన మనిషి పళ్ల బిగువున అడిగింది: "ఏంటమ్మా ఆ చప్పుడు?"

"మా బావ," అంది నర్సు, గేరు తగ్గిస్తూ.