చార్టులో రాసిన అంకె

నర్సింగ్ రెండో సంవత్సరంలో మమ్మల్ని మాదాపూర్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రికి డ్యూటీకి పంపారు. అప్పట్లో ఆ చుట్టుపక్కల కొత్త ఆఫీసులు కట్టడానికి బండలు పేల్చేవారు. వార్డు కిటికీ అద్దాలు కాసేపు వణికి ఊరుకునేవి.

నాకు బీపీ వినబడేది కాదు. ఇంజక్షన్లు చేసేదాన్ని, పక్కలు మార్చేదాన్ని. కానీ స్టెతస్కోపు పెట్టుకుని గాలి వదిలితే పాదరసం దిగడం కనిపించేదే తప్ప చప్పుడు అందేది కాదు. తోటి అమ్మాయిలు వినబడుతోందనేవారు. నేనూ తలూపేదాన్ని.

ఆ వారం నాకు అప్పగించిన పేషెంటు మణికొండ పెద్దామె. రాళ్లు మోస్తూ కళ్లు తిరిగి పడిపోతే కూతురు తెచ్చి చేర్పించింది. పొద్దున పదింటికి రెండుసార్లు చూసినా నాకేమీ వినబడలేదు. ఆరింటికి ఇంకొకరు రాసిన అంకెనే, నూట నలభై అని, మళ్లీ రాసేశాను.

"ఎంతున్నది బిడ్డా?" అందామె.

"బాగానే ఉందండి."

"మంచిది. డాక్టరు నువ్వు రాసింది చూసే గోలీలిస్తడు గద. ఇగ నాకేం ఫికర్ లేదు."

థర్మామీటర్లు కడుగుతున్నానే గానీ మనసంతా ఆ చార్టు మీదే ఉంది. కాసేపట్లో డాక్టరు రౌండ్సుకి వస్తారు. చేతులు తుడుచుకుని ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరకి వెళ్లాను. ఆవిడంటే మాకందరికీ హడల్.

"సిస్టర్, ఆ అంకె నేను విని రాసింది కాదు."

"వినబడనిది ఇవాళేనా, ఎప్పుడూనా?"

"ఎప్పుడూ వినబడలేదు."

ఆవిడ లేచి వెళ్లి తనే చూసింది. నా అంకె కొట్టేసి నూట ఎనభై అని రాసింది. "నీది నమ్మి ఉంటే మందు పెంచేవాళ్లు కాదు," అంది మెల్లగా. అంతకన్నా గట్టిగా తిట్టినా బాగుండేదనిపించింది.

మందు వేశాక, మధ్యాహ్నం నన్ను మళ్లీ మంచం దగ్గరకి తీసుకెళ్లింది. "ఈ అమ్మాయి నేర్చుకోవాలి. నీ చెయ్యి ఇస్తావా అమ్మా?"

"రాళ్లెత్తిన చెయ్యి. గాలి కొడితే ఏమైతది? చూస్కోనీ."

నేను స్టెతస్కోపు మోచేతి మడతలో ఉజ్జాయింపుగా పెట్టేదాన్ని. సిస్టర్ నా వేళ్లు పట్టుకుని ముందు నాడి వెతికించింది. అది అనుకున్నదానికన్నా లోపలి వైపుంది. అక్కడ పెట్టి గాలి మెల్లగా వదిలాను. చాలా దూరంగా, టక్, టక్.

"వస్తోంది సిస్టర్!"

"మాట్లాడకు. చప్పుడు పోయేదాకా విను."

డిశ్చార్జి రోజున పెద్దామెకి జరిగింది చెప్పాను. ఆమె మందుచీటీ నా చేతిలో పెట్టి, ఏ గోలీ ఎప్పుడెయ్యాలో చెప్పమంది. రెండుసార్లు చెప్పించుకుని, కూతురితో ఆటో ఎక్కింది.