బ్రెజిల్ గాయకుడి ముందు చెయ్యెత్తిన ఉదయం

మా చర్చి గాయకబృందంలో ఒక నియమం ఉంది. పెట్టింది నేనే. ఎవరు తప్పినా నేను కుడిచేయి ఎత్తుతాను, పాట ఆగుతుంది, పల్లవి నుంచి మళ్లీ మొదలవుతుంది. ప్రధానోపాధ్యాయుడిగా పదవీవిరమణ చేసిన నేను క్రమాన్ని సంగీతం కంటే ఒక మెట్టు పైనే ఉంచాను. మూడు నెలల క్రితం ఆదివారం ఆరాధనలో గిటార్ వాయిస్తున్న మా తమ్ముడి వేళ్లు తడబడ్డాయి. డెబ్భైకి దగ్గరపడిన మనిషి. సంఘమంతా చూస్తుండగా చేయెత్తాను. ఆ రోజు నుంచి అతను గిటార్ ముట్టలేదు.

"వేళ్లు మొద్దుబారినయి. ఇంకెవర్నన్నా చూసుకో" అన్నాడు.

నరసరావుపేటలో వాయించేవాళ్లు లేకపోలేదు. నేనే వెతకలేదు.

అతను పడుచుతనం నుంచీ వింటున్న బ్రెజిల్ గాయకుడొకరున్నారు. ఎనభై దాటిన ఆ పెద్దాయన కచేరీ ప్రత్యక్షప్రసారం మనకు తెల్లవారి అయిదున్నరకని తమ్ముడి మనవరాలు ఫోన్ చేసింది. "పెదతాతయ్యా, మీరొస్తేనే తాత చూడ్డానికి కూర్చునేది." నేను ఇస్త్రీ చొక్కాతో అయిదుకే తమ్ముడింట్లో హాజరయ్యాను.

అయిదున్నర దాటింది. వేదిక ఖాళీగానే ఉంది.

"ఆలస్యం" అన్నాను.

"అదేమన్నా నీ బడా?" అన్నాడు తమ్ముడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

బక్కపలుచని ముసలాయన గిటార్‌తో వచ్చి స్టూలు మీద కూర్చుని, ఒక్క మాటైనా చెప్పకుండా తీగలు మీటారు. బొటనవేలు ఒక దారిన, తక్కిన వేళ్లు ఇంకో దారిన నడిచి, సరిగ్గా ఒకచోట కలుసుకుంటున్నాయి. పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మూడో పాటకు నా పాదం నేలను తడుతోందని గమనించి ఆపాను. అది మళ్లీ మొదలుపెట్టింది.

అంతలో ఆయన వేళ్లు జారాయి. చరణం మరచి గొంతు ఆగింది. నాకు తెలియకుండానే లేచి కుడిచేయి ఎత్తాను.

"టీవీకి చెయ్యెత్తితే ఆగుద్దా?" అన్నాడు తమ్ముడు.

ఆగలేదు. ముసలాయన నవ్వారు. వేల గొంతులు ఆ చరణాన్ని అందుకున్నాయి. వాళ్లు మోసుకొస్తున్న పాటలోకి ఆయన గిటార్‌తో సహా మళ్లీ ఎక్కారు. మనవరాలు చప్పట్లు కొట్టింది. నేను ఎత్తిన చేయి దించడం మరచి, ఆ పాటంతా నిలబడే విన్నాను.

"ఆ రోజు మనోళ్లూ అట్టనే అందుకునేవాళ్లు అన్నయ్యా, నువ్వు ఆపకపోతే."

క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేని విద్య. కచేరీ ముగియగానే మనవరాలితో గిటార్ తెప్పించాను.

"ఇప్పుడెందుకు?" అన్నాడు తమ్ముడు.

"ఆదివారం కీర్తన ఒకసారి చూసుకుందాం."

"తప్పితే?"

"తప్పితే నేనందుకుంటాను."

శ్రుతి చేసి మొదలుపెట్టాడు. రెండో చరణం దగ్గర వేళ్లు తడబడ్డాయి. ఆ ఖాళీలోకి నేను గొంతెత్తాను.

"శ్రుతి పోతంది అన్నయ్యా."

"తెలుసు. నువ్వు కానీయ్."